తప్పంతా బ్యాగుదే

ఆగస్టు 9

పాత బ్యాగుని ఇవాళ పాక అటక మీంచి దించాను. ఎల్క్ దుప్పుల వేట సీజను అక్టోబరు చివర్లో మొదలవుతుంది. కొండ మీద అయిదారు రోజులు ఉండాలంటే వీపుకి ఇప్పట్నుంచే అలవాటు చెయ్యాలి. నాలుగు గుర్రాలకి సరిపడా నాడాలు అందులో పడేసి, భుజానికెత్తుకుని కాలవగట్టు మీద పైగేటు దాకా నడిచాను.

వెనక్కి వచ్చేసరికి నడుం ఎడమపక్క నిప్పు పెట్టినట్టుంది. ఎడమకాలు తిమ్మిరెక్కి, నాది కాదన్నట్టు నా వెనకాల వస్తోంది. వరండా మెట్ల మీద కూర్చుని బ్యాగు తిరగేసి చూశాను. అల్యూమినియం చట్రం ఒక పక్కకి వంగింది. నడుం పట్టీలో మెత్త అణిగిపోయి అట్టముక్కలా తయారైంది. ఇక నరాలు నలక్కేం చేస్తాయి?

మా ఆవిడ వెర్నాకి చూపించి, తప్పంతా బ్యాగుదే అన్నాను. ఆమె బ్యాగుని చూళ్ళేదు, నన్నే చూసింది. "డాక్టరమ్మకి కూడా చూపించు లైల్. బ్యాగుని కాదు, నిన్ను" అంది.

ఆగస్టు 14

వెళ్ళొచ్చాను. డాక్టరమ్మ నా వెన్ను బొమ్మ తెర మీద పెట్టి పెన్సిలుతో ఏవేవో చూపించింది. ఎముకల మధ్య మెత్త అరిగిందట. నరం నలుగుతోందట. నలభయ్యేళ్ళు గుర్రాల కాళ్ళు తొడల మధ్య ఇరికించుకుని నాడాలు కొట్టినవాడికి అరక్కుండా ఉంటుందా? ఇంకా చాలా చెప్పింది. నవంబరులో తేదీ ఖాళీ ఉందంది. చూద్దాంలెండి అన్నాను.

ఇంటికి రాగానే వెర్నా అడిగింది. "ఏమందీ?"

"నడుం మీద బరువు పడకూడదంది. మంచి బ్యాగు కొనుక్కోమంది."

అచ్చంగా ఆ మాటలే అనలేదు. భావం అదే.

ఆగస్టు 15

మెట్లు దిగుతుంటే ఎడమ బూటు లేసు వదులై తట్టుకున్నాను. కొత్త లేసులు కొనాలి.

ఆగస్టు 23

థాడ్‌తో కలిసి టౌనులో వేట సామాన్ల షాపుకి వెళ్ళాను. వెర్నా తమ్ముడు కదా, ఆ ఇంటి నోరే వాడిదీనూ. నడిపేది గ్యాసు ట్యాంకరు. బండి కన్నా నోటికే ఎక్కువ పని. ముప్ఫయ్యేళ్ళుగా కొండకి వాడితోనే వెళ్తున్నాను, ఇంకొకళ్ళతో వెళ్ళడం ఊహించలేను. ఆ మాట వాడికి చెప్పలేదు, చెప్తే తలకెక్కుతుంది.

షాపులో ఉన్నామె నన్ను గోడకేసి తిప్పి నిలబెట్టింది. మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా టేపు పెట్టి కొలిచింది. మనిషి ఎత్తు చూసి కొంటారు గానీ చూసుకోవాల్సింది వీపు పొడుగట. నాకు కాళ్ళు పొడుగు, వీపు పొట్టి.

"ఇన్నాళ్ళూ నీకు వీపు ఉందనే అనుకోలేదు బావా" అన్నాడు థాడ్. "ఎప్పుడు చూసినా వంగే ఉంటావుగా."

మొదట ఒక పసుపుపచ్చ బ్యాగు చూపించింది. చేత్తో ఎత్తితే పిచ్చుకంత బరువు. మురిసిపోయాను. తగిలించుకుని అటూ ఇటూ తిరుగుతుంటే థాడ్ కనబడలేదు. చూస్తే టెంట్ల వెనకాల మోకాళ్ళ మీద వంగి, చెవుల దగ్గర చేతులు కొమ్ముల్లా విప్పి పెట్టుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నేను దుప్పిని. నడువు నువ్వు."

నడిచాను. బ్యాగు గుడ్డ కరకరమంది, చిప్స్ పొట్లం నలిపినట్టు.

"ఇంకేముంది, నేనిప్పటికి పక్క జిల్లాలో ఉంటాను" అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. షాపామె నవ్వాపుకోలేక కౌంటరు వెనక్కి వెళ్ళిపోయింది. తరవాత వచ్చి అసలు సంగతి చెప్పింది. అది ఉత్త నడకలకి పనికొచ్చే బ్యాగు. వెళ్ళేప్పుడు తేలిగ్గానే ఉంటుంది. వచ్చేప్పుడు మాంసం వేస్తే చట్రం లేదు గనక సంచి జారిపోయి పిర్రల మీద వేలాడుతుంది. వేటకైతే తేలిక ఒక్కటీ చాలదు, తిరిగొచ్చేప్పటి బరువు కూడా చూసుకోవాలంది. మాంసాన్ని సంచికీ చట్రానికీ మధ్య, వీపుకి దగ్గరగా కట్టుకునే ఏర్పాటుండాలట.

గట్టి చట్రం ఉన్నది ఒకటి తెచ్చుకున్నాను. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు.

ఆగస్టు 30

నచ్చలేదు. పదహారు జేబులు. కత్తి ఏ జేబులో పెట్టానో వెతుక్కునేసరికి దుప్పి ముసలిదైపోతుంది. ఖాళీ బ్యాగే సగం బరువుంది. కాలవగట్టు మీద సగం దూరం కూడా పోలేదు, కాలు అదే పాట. ఇది కూడా ఆ పాత బ్యాగు జాతిదే.

ఎడమ లేసు మళ్ళీ వదులైంది. కొత్త లేసులే.

సెప్టెంబరు 6

దొరికింది!

బూడిదరంగుది. గుడ్డ మెత్తన, చప్పుడు లేదు. చట్రం నల్లటి సన్న కడ్డీలతో చేశారు, గట్టిదే గానీ బరువు లేదు. ఒక్కటే పెద్ద అర, పక్కన ఒక పొడుగు జేబు. అంతే. ధర థాడ్‌కి చెప్పలేదు. వెర్నాకి సగం చెప్పాను.

సాయంత్రం వంటింట్లో వెర్నా నాకు పట్టీలు సరిచేసింది. షాపామె చెప్పినవన్నీ నేను వరసగా అప్పజెప్తుంటే ఆమె చేసుకుంటూ పోయింది. ముందు నడుం పట్టీ, తుంటి ఎముక మీద కూర్చోవాలి. తరవాత భుజాలవి. ఆఖర్న భుజాల పైనున్న చిన్న పట్టీలు లాగితే బరువు ముందుకొస్తుంది. పట్టీ బిగించినప్పుడల్లా "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అని అడిగింది. లేదు, లేదు అన్నాను. ఆమె చేతులకి ఉల్లిపాయ వాసన. పెళ్ళి రోజున కోటు బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటే సరిచేసింది కూడా ఆమే.

"డాక్టరమ్మ ఏమందో మళ్ళీ చెప్పు" అంది వెనకనించి.

"చెప్పాగా. మంచి బ్యాగు కొనుక్కోమంది."

పట్టీలు వదిలేసింది. తరవాత నా వీపు మీద, బ్యాగు మీదే, తల ఆనించింది. బరువు చూస్తోందేమో అనుకున్నాను.

సెప్టెంబరు 8

వెర్నా పాకలోకి వెళ్ళి ఫోను మాట్లాడుతోంది. నేను వెళ్ళగానే ఆపేసింది. థాడ్‌తోనట. దేని గురించి అంటే "వాడి బుర్ర గురించి" అంది.

సెప్టెంబరు 20

నాడాలు నింపుకుని పైగేటు దాకా. వెళ్ళడం బాగా వెళ్ళాను. కొత్త బ్యాగు చెయ్యాల్సిన పని చేస్తోంది. వచ్చేప్పుడు గులకరాళ్ళ దగ్గర పడ్డాను. ఆ గట్టుకి మరమ్మతు చెయ్యమని కాలవ సంఘం వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలి? అరచెయ్యి గీరుకుంది. గుర్రం తన్నిందని చెప్పాను వెర్నాకి.

"గుర్రానికి గులకరాళ్ళు కూడా ఉన్నాయా?" అంది చెయ్యి కడుగుతూ.

అక్టోబరు 24

సామాన్లన్నీ వంటింటి బల్ల మీద పరిచాం. టెంటు, అన్నింటికన్నా బరువైనది, థాడ్‌కి. స్టవ్వు, గిన్నె, పెనం, తిండి మొత్తం నాకు. సమానంగా పంచుకోవడం మా పద్ధతి. వెర్నా బంగాళాదుంపలు, మాంసం ఉడికించి ఎండబెట్టి పొట్లాలు కట్టింది. థాడ్ అవన్నీ చూసి, "అక్కా, నన్ను పెళ్ళాం వదిలేసి వెళ్ళిన సంగతి మర్చిపోయావా? రెండో పొట్లం వెయ్యి" అన్నాడు.

బ్యాగు నేనే సర్దుకున్నాను. అడుగున తిండి, పైన స్లీపింగ్ బ్యాగు, కోటు. ఎత్తి చూస్తే బరువుగానే ఉంది. కొండ మీద తెలుస్తుంది దీని సత్తా.

అక్టోబరు 25, కొండ మీద

పెన్సిలుతో రాస్తున్నాను. పెన్ను చలికి గడ్డకట్టింది.

ఈ బ్యాగుని ఎంత పొగిడినా తక్కువే. ట్రక్కు దగ్గర నేను బూట్లు కట్టుకుంటుంటే, పట్టీలు సరిచూస్తానని థాడ్ బ్యాగుల దగ్గర చాలాసేపు గడిపాడు. ఎత్తుకుని చూద్దును కదా, వీపు మీద ఏమీ లేనట్టే ఉంది. నిన్న వంటింట్లో ఎత్తిన బ్యాగేనా ఇది? పట్టీలు సరిగ్గా బిగిస్తే బరువంతా తుంటి మీదికి పోతుందని షాపామె చెప్పింది నిజమే. ఏటి మీద దుంగ దాటాను, రెండు మెట్టలు ఎక్కాను, నడుం ఒక్కసారి మండలేదు. దారి పొడుగునా థాడ్‌కి ఇదే చెప్పాను. ఇన్నాళ్ళూ తప్పు నాలో లేదురా, బ్యాగులో ఉంది. వాడు ఊ కొట్టాడే గానీ మాట్లాడలేదు. అలిసిపోయి ముఖం ఎర్రగా కందింది. వయసు మీద పడుతోంది పాపం. వచ్చే ఏడు వాడికీ ఇలాంటిదే కొనిపించాలి.

కాలు మాత్రం రెండుసార్లు తట్టుకుంది. కొండ దారి కదా.

వాడే టెంటు వేశాడు, వాడే నా స్లీపింగ్ బ్యాగు తీసి పరిచాడు, వాడే నీళ్ళు తెచ్చాడు. "నువ్వు కూర్చో బావా, నీ బ్యాగుని చూసుకుంటూ కూర్చో" అన్నాడు. వెర్నా ఇచ్చిన రొట్టెలు తిన్నాం.

అక్టోబరు 26

ఎలా రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున థాడ్ దుప్పుల అడుగుజాడలు చూసొస్తానని పైమెట్టకి వెళ్ళాడు. కాఫీ పెట్టుకుందామని నేను బ్యాగు తీశాను. పైన కోటు. దాని కింద చెయ్యి పెడితే ఏదో మెత్తగా తగిలింది. లాగాను. దిండు. మా ఇంటి దిండు, నీలం పువ్వుల గలేబుతో సహా. దాని కింద ఇంకోటి. దాని కింద బ్యాగు అడుగు. అంతే.

స్టవ్వు లేదు, గిన్నె లేదు, తిండి లేదు. థాడ్ బ్యాగు విప్పాను. అన్నీ అందులోనే ఉన్నాయి. వాడివీ, నావీ. ఆఖరికి నా తూటాల డబ్బా కూడా.

దిండు ఒళ్ళో పెట్టుకుని దుంగ మీద కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది. పసిపిల్లాడికి ఆటబొమ్మ ఇచ్చినట్టు నాకు దిండ్లు ఇచ్చి పంపారు ఇద్దరూ. బ్యాగు సర్దుకుని, చెప్పకుండా కిందకి దిగిపోదామనుకున్నాను. లేచి నిలబడితే ఎడమపాదం లేవలేదు. లేసు బిగువుగానే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. వేళ్ళు పైకెత్తమంటున్నాను, అవి ఎత్తడం లేదు.

మళ్ళీ కూర్చున్నాను.

థాడ్ వచ్చాడు. దిండు చూశాడు. తుపాకి చెట్టుకి ఆనించి, చెమటకి తడిసిన చొక్కా విప్పి పిండాడు. భుజాలు రెండూ పట్టీలు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి. నేను చూడ్డం చూసి గబగబా ఇంకో చొక్కా తొడుక్కున్నాడు.

"ఈ దిండ్లు ఎవరి ఆలోచన?" అన్నాను.

"అక్కది. పేలాలు నింపుదామన్నాన్నేను. దారిలో తినొచ్చని."

నాకు నవ్వు రాలేదు. వాడూ నవ్వలేదు.

"ఆస్పత్రి వాళ్ళు ఇంటికి ఫోన్ చేశారు బావా, ఆపరేషను తేదీ ఖాయం చెయ్యమని. అక్క ఎత్తింది. నిన్ను ఆపుదామనుకుంది, చేతకాలేదు. నేను మోస్తానన్నాను. అంతే."

"డాక్టరమ్మ బ్యాగు కొనుక్కోమనలేదురా."

"తెలుసు."

"అసలు బ్యాగు జోలికే పోవద్దంది."

"తెలుసులే బావా. నీ ఎడమ బూటు ముక్కు అరిగిపోయింది. ఆగస్టు నుంచీ చూస్తున్నా."

"నరాన్ని ఇలాగే వదిలేస్తే పాదం ఇక లేవకపోవచ్చంది. ఎప్పటికీ."

అది వాడికి తెలీదు. ముఖం చూస్తే తెలిసింది. నా పక్కన కూర్చోబోయినవాడు ఆగిపోయాడు.

"ఎప్పుడంది ఆ మాట?"

"ఆగస్టులో."

"ఆగస్టులో అంటే, నేను షాపులో మోకాళ్ళ మీద దుప్పి వేషం వేసే ముందా తరవాతా?"

"ముందే."

ముప్ఫయ్యేళ్ళలో వాడు నా మీద అరవడం అదే మొదటిసారి. "ఇక్కడికొచ్చాక చెప్తావా? కాలు పడిపోతే నిన్ను ఏ బ్యాగులో వేసుకుని దింపమంటావయ్యా? అక్కకి నేను ఏమని చెప్పుకోను?" చెట్ల మీది కాకులు లేచిపోయాయి. ఈ లోయలో దుప్పి అన్నది ఉంటే అదీ లేచిపోయి ఉంటుంది. అరిచి అరిచి, వెళ్ళి స్టవ్వు వెలిగించి, కాఫీ పెట్టి, మొదటి కప్పు నాకే తెచ్చిచ్చాడు.

"రేపు పొద్దున్నే దిగిపోదాం" అన్నాడు.

సరే అన్నాను.

అక్టోబరు 27

దిగలేదు.

తెల్లవారుతుంటే టెంటు గుడ్డ తీసి చూశాను. ఎదుటి పచ్చికలో, మంచు మీద, చిన్న ఆడ ఎల్క్ దుప్పి ఒకటి నిలబడి మేస్తోంది. దాన్ని వెతుక్కుంటూ నేను ఎక్కడికీ పోనక్కర్లేదు. థాడ్ నన్ను మోచేత్తో పొడిచి, తన తుపాకి పక్కన పెట్టేసి, నాది చేతికిచ్చాడు. దుంగ మీద ఆనించడానికి మెత్తటిది ఏదైనా కావాలి. వాడు దిండు తెచ్చి పెట్టాడు. నీలం పువ్వుల మీద తుపాకి ఆనించి ఊపిరి బిగబట్టాను. ఒక్కటే దెబ్బ. నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది. పరిగెత్తలేదు, బాధపడలేదు.

దాని పక్కన కాసేపు ఊరికే కూర్చున్నాను. తరవాత కత్తి తీశాను. మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని నాకు ఇంకా బాగానే వచ్చు. ఎముక తీసి మాంసం గుడ్డసంచుల్లోకి ఎక్కించి నీడన చెట్టుకి కట్టాం. థాడ్ తన బ్యాగుకి ఒక మూట బిగించి నా వైపు చూశాడు. ఎప్పుడూ ఇక్కడే వాదన మొదలవుతుంది. నీకంటే నేనే ఎక్కువ మోస్తానని.

"నావల్ల కాదురా" అన్నాను.

ఏదో ఒక ఎత్తిపొడుపు వస్తుందని చూశాను. వాడు తల ఊపి, "నువ్వు ఇక్కడే ఉండు. ఒట్టి చేతులతో దిగినా ఆ దుంగ దగ్గర నీకు మనిషి కావాలి. రేపు అక్కని తీసుకొస్తా" అని దిగిపోయాడు.

అక్టోబరు 28

ఒక్కణ్ణే ఉన్నాను. పొద్దుటి నుంచీ వెర్నాకి ఏం చెప్పాలో అనుకుంటున్నాను. ఆపరేషను చేయిస్తే నడక సగం వస్తుందో మొత్తం వస్తుందో చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ మాట విన్నాక మిగతావన్నీ నేను వినలేదు. కొండ ఎక్కలేని లైల్ ఎవడో నాకు తెలీదు. వాడితో వెర్నాకేం పని, థాడ్‌కేం పని అనిపించింది. అందుకని బ్యాగులు చూస్తూ కూర్చున్నాను. ఇది ఇక్కడ రాసుకోవడం కూడా ఇవాళే మొదటిసారి.

మధ్యాహ్నం మనుషులు కనబడకముందే మాటలు వినబడ్డాయి.

"నువ్వు కట్టిన ముడేనా ఇది? చిన్నప్పుడు నీ బూట్లు కూడా నేనే కట్టేదాన్ని."

"అందుకే నేర్చుకోలేదు. తప్పు నీదే అక్కా."

"నోరు మూసుకుని నడువు, ఊపిరి దండగ."

స్టవ్వు వెలిగించి, మాంసం ముక్కలు పెనం మీద వేశాను. వెర్నా వచ్చింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ బూటు లేసు పట్టుకుని లాగి చూసింది.

"ఇది వదులవలేదు లైల్."

"తెలుసు."

"అంతా చెప్పాడు థాడ్."

"నేను చెప్పాల్సింది."

"అవును, నువ్వే చెప్పాల్సింది" అంది. బూటుని మాత్రం వదల్లేదు. రెండు చేతులతో పట్టుకునే ఉంది, కాలు చల్లగా ఉందేమో అన్నట్టు. కాసేపటికి, "పెనం మాడుతోంది" అంది.

ముగ్గురం తిన్నాం. చాలా బావుంది.

అక్టోబరు 29, ఇంట్లో

పొద్దున వెర్నా నా కొత్త బ్యాగు తీసుకుంది. చట్రానికీ సంచికీ మధ్య మాంసం మూట పెట్టి కట్టి, ఆమె వీపు పొడుగుకి తగ్గట్టు పట్టీలు నేను సరిచేశాను. నాలుగడుగులు వేసి తిరిగొచ్చింది. "ఇంత బాగుందా ఇది? నాకు సగం ధరే చెప్పావు కదూ?" అంది. అవునన్నాను. మిగతా మాంసం, టెంటు, దిండ్లు అక్కడే వదిలాం. రేపు థాడ్ తనతో పనిచేసేవాళ్ళని ఇద్దర్ని తీసుకుని వెళ్తాడు.

దారిలో వెర్నా ముందు, థాడ్ వెనక, మధ్యలో నేను, కర్ర ఊతంగా. ముప్ఫయ్యేళ్ళలో ఒట్టి వీపుతో దిగడం ఇదే. మొదటి మెట్ట దాకా సిగ్గుగా ఉంది. తరవాత ముందు నడుస్తున్న వెర్నాని చూస్తుంటే సిగ్గు మర్చిపోయాను. బరువుకి ఆమె కొంచెం ముందుకి వంగి, అడుగు చూసి చూసి వేస్తోంది. ఆమెని కొండ మీద వెనకనించి చూడ్డం నాకు ఎప్పుడూ కుదర్లేదు. ఎప్పుడూ నేనే ముందు.

"డాక్టరమ్మకి నువ్వు ఫోన్ చేస్తావా, నేను చెయ్యాలా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"నేనే చేస్తాను."

ఇంటికి రాగానే చేశాను. నవంబరు రెండోవారం. పాదం పూర్తిగా బాగుపడకపోవచ్చు కూడా అంది, అదే మాట మళ్ళీ. ఈసారి చివరిదాకా విన్నాను.

ఏటి దగ్గర సంగతి రాయాలి. దుంగ మీద మంచు పేరుకుంది. వెర్నా దాటేసి అవతల నిలబడింది. నేను సగం దూరం వెళ్ళాను. కుడికాలు వేశాను, ఎడమది లేపబోతే బూటు ముక్కు బెరడుకి తగులుకుంది. కింద నీళ్ళు నల్లగా పోతున్నాయి. ఎప్పుడైనా ఇలాంటి చోట ఎవరైనా చెయ్యి చాపితే విదిలించి కొట్టేవాణ్ణి.

"థాడ్, చెయ్యియ్యిరా" అన్నాను.

ఆ నోటికి దొరక్క దొరక్క దొరికిన అవకాశం. వాడు దాన్ని వాడుకోలేదు. వెనకనించి వచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అడుగు అడుగు కదిలాం. ఒడ్డు చేరాక కూడా వదల్లేదు. ట్రక్కు దాకా అలాగే నడిచాం, నేనూ విడిపించుకోలేదు.